మనసుకి వైద్యం: ఏ తలుపు తట్టాలి?



పంటి నొప్పి వస్తే పంటి డాక్టరు, కన్ను మసకేస్తే కంటి డాక్టరు. ఇందులో మనకెవరికీ అనుమానం లేదు. అదే, ఇంట్లో ఒక మనిషి నెల రోజులుగా సరిగా నిద్రపోవడం లేదు, కూర్చున్నచోటనే కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకుంటోంది, ఎదురుగా పాలు పొంగిపోతున్నా పట్టడం లేదు అనుకోండి. అప్పుడు ఎవరికి చూపించాలి? ఇక్కడికొచ్చేసరికి తలా ఒక మాట చెబుతారు. సైకియాట్రిస్టు అని ఒకరు, కాదు సైకాలజిస్టు అని ఇంకొకరు. కౌన్సెలింగ్ ఇప్పిస్తే చాలునని మరొకరు. తలకి స్కానింగు తీయించమని ఆడపడుచు ఫోనులో చెబుతుంది. అత్తగారు ఉప్పూ మిరపకాయలూ దిగతుడిచి పొయ్యిలో వేస్తారు. అందరి మాటా విని ఒక్కొక్క గుమ్మమే ఎక్కి దిగేసరికి ఆరు నెలలు ఇట్టే గడిచిపోతాయి. ఆ ఆరు నెలలూ నరకం పడేది ఆ మనిషి.

అందుకని ఇవాళ ఈ పేర్ల వెనక ఎవరెవరున్నారో, ఎవరేం చదివారో, ఎవరి పని ఏమిటో చెప్పుకుందాం. నేను డాక్టర్ని కాను. పదో తరగతితో చదువు ఆపి సంసారంలో పడ్డదాన్ని. ఈ కార్యక్రమం కోసం స్టూడియోకి వచ్చే డాక్టర్లనీ నర్సులనీ అడిగి అడిగి రాసిపెట్టుకున్న సంగతులే మీ ముందు పెడుతున్నాను.

ముందు ఒక మాట తీసి పక్కన పెట్టేద్దాం. 'పిచ్చి డాక్టరు' అనే మాట. హైదరాబాదులో ఎవరైనా కాస్త తిక్కగా మాట్లాడితే చాలు, 'నిన్ను ఎర్రగడ్డకి పంపాలి' అంటాం, నవ్వుతాం. ఎర్రగడ్డలో వున్నది ప్రభుత్వ మానసిక ఆసుపత్రి. విశాఖపట్నంలోనూ అలాంటిది వుంది. అక్కడికి దిగుళ్ళతో, భయాలతో, నిద్రలేమితో, తాగుడు మానలేక మనలాంటి ఇళ్ళవాళ్ళే వెళతారు, మందులు తెచ్చుకుంటారు. మనం నవ్వులాటకి అన్న ఆ మాటే, అవసరం పడ్డప్పుడు మన కాళ్ళకి అడ్డం పడుతోంది. 2015-16లో బెంగుళూరు నిమ్‌హాన్స్ వారు పన్నెండు రాష్ట్రాల్లో సర్వే చేస్తే, పెద్దవాళ్ళలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో వున్నారని తేలింది. వీరిలో ఎక్కువమంది వైద్యం అందనివారే. పదిళ్ళున్న మన వీధిలో లెక్క వేసుకోండి.

ఇక పేర్లలోకి వద్దాం. సైకియాట్రిస్టు, సైకాలజిస్టు. రెండు పేర్లూ ఒకేలా మొదలవుతాయి గనక మనకి కలిసిపోతాయి. ఒక చిన్న గుర్తు చెబుతాను. పిల్లల డాక్టర్ని పీడియాట్రిషియన్ అంటారు కదూ? ఆ పేరులో వున్న 'యాట్రి'యే సైకియాట్రిస్టులోనూ వుంది. అది గ్రీకు మాట. వైద్యుడు అని దాని అర్థం. ఆ ముక్క వున్నవారు మందు రాసే డాక్టరు. లేనివారు మందు రాయరు. సగం తికమక ఇక్కడే పోతుంది.

సైకియాట్రిస్టు ముందు డాక్టరు, ఆ తరవాతే మనసు డాక్టరు. మన ఇంటి డాక్టరుగారిలాగే నాలుగున్నరేళ్ళు ఎం.బి.బి.ఎస్. చదివి, ఏడాది హౌస్ సర్జన్ చేసి, ఆపైన మానసిక వైద్యంలో మూడేళ్ళు ఎం.డి. గానీ డి.ఎన్.బి. గానీ, లేదా రెండేళ్ళు డి.పి.ఎం. అనే డిప్లొమా గానీ చేసినవారు. అంటే కాళ్ళూ చేతులూ గుండే కాలేయమూ అన్నీ చదివి వచ్చినవారే. ఇది మనకెందుకంటే, మనసు జబ్బులా కనిపించేదంతా మనసులోంచే రాదు. థైరాయిడ్ తక్కువైతే మనిషి మందకొడిగా, దిగులుగా తయారవుతుంది. రక్తం తక్కువైనా, బి12 తక్కువైనా నీరసమూ చిరాకూ వస్తాయి. ఏళ్ళ తరబడి 'మా కోడలికి బద్ధకం' అనుకున్న ఇళ్ళలో ఒక చిన్న రక్తపరీక్షతో అసలు సంగతి బయటపడినవి వున్నాయి. అందుకే మొదటిసారి వెళ్ళినప్పుడు సైకియాట్రిస్టు రక్తపరీక్ష రాస్తే, 'దిగులని వస్తే రక్తం తీస్తాడేమిటి' అని గొణుక్కోకండి.

మన వూళ్ళల్లో వీరి బోర్డుల మీద చాలాచోట్ల 'న్యూరో సైకియాట్రిస్టు' అనో, 'మెదడు, నరములు, మానసిక వ్యాధుల నిపుణులు' అనో రాసి వుంటుంది. నరాల డాక్టరు దగ్గరికి వెళుతున్నామని చెప్పుకోవడం మనకి తేలిక గనక అలా రాస్తారని నా అభిప్రాయం. న్యూరాలజిస్టు మాత్రం వేరే. పక్షవాతం, ఫిట్సు, వణుకుడు జబ్బు, నరాల జబ్బులు ఆయన పని. ఆయన చదువు డి.ఎం. న్యూరాలజీ. మీ ఇంట్లో పెద్దాయనకి మతిమరుపు మొదలైతే న్యూరాలజిస్టు చూడవచ్చు, సైకియాట్రిస్టూ చూడవచ్చు. ఇద్దరిదీ ఆ పని వుంది. కానీ నిన్నటిదాకా బాగున్న పెద్దాయన రాత్రికి రాత్రి మనుషుల్ని గుర్తుపట్టకుండా, లేనివాళ్ళతో మాట్లాడుతుంటే అది మతిమరుపూ కాదు, చాదస్తమూ కాదు. మూత్రంలో ఇన్‌ఫెక్షనో, ఒంట్లో సోడియం పడిపోవడమో, మరొకటో అయి వుండవచ్చు. అప్పుడు వెతకవలసింది మనసు డాక్టర్ని కాదు. ఆ పూటే మామూలు పెద్ద ఆసుపత్రికి తీసుకుపోవాలి.

సైకియాట్రిస్టు మీద మనవాళ్ళ ఫిర్యాదు ఒకటుంది. 'గంటన్నర కూర్చుంటే పది నిమిషాలు చూశాడు, నా మాట పూర్తిగా వినలేదు, చీటీ రాసి పంపేశాడు' అని. నిజమే, మన ప్రభుత్వాసుపత్రుల్లో ఓ.పీ. చూస్తే ఆయనైనా ఏం చేస్తాడనిపిస్తుంది. అయినా ఈ ఫిర్యాదులో సగం, ఒకరి పని మరొకరి దగ్గర ఆశించడం వల్ల వచ్చింది. మొదటిసారి తప్పకుండా తీరిగ్గా వినాలి. వినకపోతే డాక్టర్ని మార్చండి, తప్పు లేదు. కానీ వారం వారం ముప్పావుగంట కూర్చోబెట్టి మాట్లాడించేది ఎక్కువగా ఇంకొకరు. వారే క్లినికల్ సైకాలజిస్టు.

వీరి చదువు దారే వేరు. మెడికల్ కాలేజీలో చదివినవారు కారు. సైకాలజీలో ఎం.ఎ.నో ఎం.ఎస్సీ.నో చేసి, ఆ తరవాత ఆసుపత్రిలో రోగుల మధ్య రెండేళ్ళ శిక్షణతో ఎం.ఫిల్. చేసినవారు వీరిలో ఎక్కువ. పేరు ముందు 'క్లినికల్' అనే మాట ఆ రెండేళ్ళ వల్ల వచ్చిందే. కాలేజీలో సైకాలజీ పాఠం చెప్పే లెక్చరరుగారు ఎంత పండితులైనా, ఆ శిక్షణ లేకపోతే రోగిని చూడవలసినవారు కారు. ఇంకొక సంగతి. కొందరి పేరు ముందు డాక్టరు అని వుంటుంది. అది పిహెచ్.డి. డాక్టరు కావచ్చు, తెలుగులో పిహెచ్.డి. చేసినవారికీ ఆ మాట వుంటుంది కదా. కాబట్టి పేరు ముందు కాదు, పేరు తరవాత ఏముందో చదవండి.

వీరు మందులు రాయరు. వీరి పని రెండు రకాలు. ఒకటి పరీక్షలు. పిల్లవాడు చదువులో ఎందుకు వెనకబడ్డాడు, తెలివి తక్కువా, లేక అక్షరాలు కలిసిపోయి కనిపిస్తున్నాయా, లేక కుదురు లేదా అన్నది లెక్కగా కొలిచి చెబుతారు. రెండోది మాటల వైద్యం. మాటల వైద్యమంటే ఓదార్పు అనుకుంటారు మనవాళ్ళు. 'మాటలే కదా, ఆ మాటలేవో మా అక్క చెప్పదా, దానికి వెయ్యి రూపాయలా' అంటారు. కాదండీ. అదెలా వుంటుందో ఒకావిడ సంగతి చెబుతాను, మీకే తెలుస్తుంది. ఊరూ పేరూ అడక్కండి.

ఆవిడకి శుభ్రం ఎక్కువ. మొదట్లో అందరూ మెచ్చుకున్నారు. వంటింటి గట్టు అద్దంలా వుండేది. తరవాత చేతులు కడుక్కోవడం మొదలైంది. పాలవాడిచ్చిన ప్యాకెట్టు ముట్టుకుంటే కడుక్కోవాలి, చిల్లర ముట్టుకుంటే కడుక్కోవాలి, కడుక్కున్న చెయ్యి కొళాయికి తగిలితే మళ్ళీ మొదటినించీ. స్నానానికి వెళితే రెండు గంటలు. చేతుల తోలు పగిలి రక్తం వచ్చేది. అత్తగారు 'మా కోడలికి మడి ఎక్కువ' అని నలుగురిలో గొప్పగా చెప్పేవారు. మడికీ దీనికీ తేడా ఒక్కటే. మడి కట్టుకున్నావిడ పూజా వంటా అయ్యాక మడి విడిచి హాయిగా కూర్చుంటుంది. ఈవిడకి విడుపు లేదు. ఇదంతా అనవసరమని ఆవిడకే తెలుసు. తెలిసినా ఆగలేదు. లోపల ఏడుస్తూనే కడుగుతుంది. దీన్ని ఓ.సీ.డీ. అంటారు. తెలుగులో చెప్పాలంటే, ఒకే ఆలోచన పదే పదే వచ్చి పడడం, దాన్ని పోగొట్టుకోవడానికి ఒకే పని పదే పదే చేయడం.

మూడేళ్ళకి సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన జబ్బుకి పేరు పెట్టాడు, మందు రాశాడు. ఈ జబ్బుకి మందు పనిచేయడానికి రెండు మూడు నెలలు కూడా పడుతుంది. ఆ మాట ఆయన చెప్పాడు గనక ఆవిడ ఇరవయ్యో రోజున మాత్రలు చెత్తబుట్టలో వేయలేదు. మందుతో తల లోపలి రొద కొంత తగ్గింది. కానీ చెయ్యి అలవాటుగా కొళాయి వైపే పోతోంది. అప్పుడు ఆయనే క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి పంపాడు.

ఆవిడ ఏం చేసిందో వినండి. ముందు ఆవిడ చేతనే ఒక జాబితా రాయించింది. అన్నిటికన్నా తక్కువ భయం వేసేది ఏమిటి, ఎక్కువ భయం వేసేది ఏమిటి, మెట్లు మెట్లుగా. కింది మెట్టు ఇంటి తలుపు గడియ. పై మెట్టు చెత్తబుట్ట. మొదటివారం గడియ ముట్టుకుని, చేతులు కడుక్కోకుండా అలాగే కూర్చోవాలి. భయం వస్తుంది, గుండె దడదడలాడుతుంది. కడుక్కోకూడదు. ఊరికే కూర్చుని ఆ భయం నూటికి ఎంత వుందో ఐదు నిమిషాలకొకసారి చెబుతూ వుండాలి. మొదట ఎనభై అంది, తొంభై అంది. కాసేపటికి డెబ్భై, అరవై. గంటకి ముప్ఫైకి దిగింది. కడుక్కోకపోయినా భయం దానంతటదే దిగుతుందని ఆవిడ ఒంటికి మొదటిసారి తెలిసింది. ఆ తెలియడమే అక్కడి మందు. ఇలా వారం వారం ఒక్కొక్క మెట్టే ఎక్కించి, నాలుగు నెలలకి చెత్తబుట్ట మూత తీయించింది. ఇది మా అక్క చెప్పగలిగే మాట కాదు కదా? మన అక్కలైతే 'పోనీలే కడుక్కో' అంటారు, లేకపోతే చెయ్యి పట్టుకుని లాగుతారు. రెండూ జబ్బుని పెంచేవే.

ఇంకా పని మిగిలింది. ఇంట్లో ఇన్నాళ్ళూ ఆవిడ మాటమీద భర్త ఆఫీసునించి రాగానే గుమ్మంలోనే బట్టలు మార్చుకునేవాడు, పిల్లలు స్కూలు సంచీలు బయటే పెట్టేవాళ్ళు. ప్రేమతో చేసిందే, కాదనను. కానీ ఇంటిల్లిపాదీ జబ్బు చెప్పినట్టు నడుచుకుంటుంటే ఆవిడొక్కతే దాంతో ఎలా పోట్లాడుతుంది? ఆ ఇంటివాళ్ళందరినీ కూర్చోబెట్టి, అత్తగారితో విడిగా మాట్లాడి, ఎవరు ఏది మానాలో ఎలా మానాలో చెప్పి ఒప్పించినావిడ సైకియాట్రిక్ సోషల్ వర్కరు. సోషల్ వర్కులో ఎం.ఎ. గానీ ఎం.ఎస్.డబ్ల్యు. గానీ చేసి, ఆపైన మానసిక ఆసుపత్రి పనిలో మరో రెండేళ్ళు శిక్షణ పొందినవారు వీరు. చూశారా, జబ్బు ఒకటి, మనిషి ఒకరు, పట్టిన చేతులు మూడు జతలు. ఏ ఒక్కరు లేకపోయినా ఆవిడ అంత దూరం వచ్చేది కాదని నా నమ్మకం.

సోషల్ వర్కరు పని ఇంటి గొడవలతో అయిపోదు. జబ్బు తగ్గిన అబ్బాయిని మళ్ళీ ఉద్యోగంలో చేర్చడం ఎలా, దీర్ఘకాలపు జబ్బయితే వికలాంగుల సర్టిఫికెట్టు ఎలా తెచ్చుకోవాలి లాంటివన్నీ వారికి తెలుసు. 2016 చట్టంలో మానసిక రుగ్మత కూడా వైకల్యాల జాబితాలో వుందని మనలో ఎంతమందికి తెలుసు? పెద్ద ప్రభుత్వాసుపత్రికి వెళితే 'ఇక్కడ సోషల్ వర్కరు వున్నారా' అని మీరే అడగండి. అడగకపోతే ఆ గది ఎక్కడుందో ఎవరూ చూపించరు.

నర్సుల్లోనూ మానసిక వైద్యంలో ప్రత్యేకంగా చదివినవారు వున్నారు. ఆసుపత్రిలో చేర్చినప్పుడు రాత్రింబవళ్ళు రోగిని కనిపెట్టుకుని వుండేది వారే. మందు వేసుకున్నాక చెయ్యి వణుకుతోందా, నోరెండుతోందా, మెడ పట్టేస్తోందా అని మొదట పసిగట్టేదీ ఎక్కువగా వారే. వార్డులో నర్సుతో స్నేహంగా వుండండి, మీకే మంచిది.

ఇప్పుడు కౌన్సెలరు. ఇక్కడ కాస్త జాగ్రత్తగా వినాలి. మంచి కౌన్సెలర్లు వున్నారు. భర్త పోయిన దుఃఖంలో వున్నావిడకి, ఇంటర్ తప్పిన పిల్లకి, చీటికీ మాటికీ గొడవపడే కొత్త దంపతులకి వీరి సాయం చాలా విలువైనది. కుటుంబ న్యాయస్థానాల్లో కౌన్సెలర్లు వుండాలని 1984 చట్టంలోనే రాశారు. అయితే ఆ మాట బోర్డు మీద రాసుకోవడం సులభం. రెండేళ్ళు చదివినవారూ కౌన్సెలరే, మూడు నెలల సర్టిఫికెట్టు కోర్సు చేసినవారూ కౌన్సెలరే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఎవరెవరు మానసిక ఆరోగ్య నిపుణులో చెప్పింది. సైకియాట్రిస్టు, క్లినికల్ సైకాలజిస్టు, సైకియాట్రిక్ సోషల్ వర్కరు, మానసిక ఆరోగ్య నర్సు. ఆయుర్వేద, హోమియో, యునానీ, సిద్ధ పద్ధతుల్లో మనోరోగాల మీద పీజీ చేసినవారినీ ఒప్పుకుంది. కౌన్సెలరు అనే మాట ఆ జాబితాలో లేదు. 2021లో వచ్చిన మరో చట్టంలో వారినీ చేర్చారు. అయినా బోర్డు చూసి నమ్మడానికి వీల్లేదు.

మరెలా తెలుసుకోవడం? అడగడమే. వంకాయలు పుచ్చులేమోనని ఒక్కొక్కటే తిప్పి చూసి తీసుకుంటాం. చీర రంగు పోతుందా అని కొంగు తడిపి మరీ అడుగుతాం. ఇంటి మనిషి మనసుని చేతిలో పెట్టేటప్పుడు 'మీరేం చదివారండీ, మీ రిజిస్ట్రేషను నంబరు ఎంతండీ' అనడానికి మొహమాటమా? సైకియాట్రిస్టుకి రాష్ట్ర మెడికల్ కౌన్సిల్లో నంబరు వుంటుంది. క్లినికల్ సైకాలజిస్టు పేరు 1992 చట్టం కింద ఏర్పడిన రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్టరులో వుంటుంది. చదువుల పేర్లు ఈమధ్య మారుతున్నాయి గనక డిగ్రీ పేరుకన్నా ఈ నంబరే గట్టి గుర్తు. నిజంగా చదివినవారు అడిగితే కోపగించుకోరు. కౌన్సెలర్నయితే ఇంకొకటి కూడా అడగండి, 'మావాడికి మందు అవసరమైతే మీరు ఎవరి దగ్గరికి పంపుతారు' అని. ఫలానా డాక్టరు దగ్గరికి పంపుతానని వెంటనే చెప్పినవారు మంచివారు. 'మందులన్నీ మానిపించేస్తాను, నా పది క్లాసులు చాలు' అన్నారా, చెప్పులేసుకుని బయటికి వచ్చేయండి.

మెడికల్ షాపు అబ్బాయి ఈ జాబితాలో ఎక్కడా లేడు. 'నిద్ర పట్టడం లేదు నాన్నా, రెండు మాత్రలివ్వు' అని మొదలుపెట్టి, ఏడాది తిరిగేసరికి మాత్ర లేనిదే కన్ను మూతపడని స్థితికి వచ్చిన ఇల్లాళ్ళున్నారు. ఆ మాత్రలు కొన్ని అలవాటు చేసేవి. అలవాటైపోయాక ఒక్కసారిగా మానినా ప్రమాదమే. డాక్టరు చెప్పిన లెక్కలో కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలి.

గుడికీ దర్గాకీ వెళ్ళవద్దని నేను చెప్పబోవడం లేదు. మొక్కుకోండి, తాయెత్తు కట్టుకోండి, మాత్ర కూడా వేసుకోండి. కానీ రోగిని ఎక్కడో కట్టిపడేసి రావడం మాత్రం మహాపాపం. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఎర్వాడిలో ఇలాగే గొలుసులతో కట్టివుంచిన మానసిక రోగులు, నిప్పంటుకుంటే కదలలేక పాతికమందికి పైగా చనిపోయారు. 2017 చట్టం ఏ మానసిక రోగినీ గొలుసుతో కట్టకూడదని స్పష్టంగా చెప్పింది. కరెంటు షాకు గురించీ చెప్పింది. సినిమాల్లో చూపించినట్టు నలుగురు పట్టుకుని కేకలు పెట్టించడం కాదు. మత్తూ, కండరాలు వదులయ్యే మందూ ఇవ్వకుండా ఆ చికిత్స చేయడమే నిషేధం.

కొన్ని సందర్భాల్లో ఎవరి దగ్గరికని ఆలోచిస్తూ కూర్చోకూడదు, నేరుగా సైకియాట్రిస్టే. పురిటి మంచం మీద వున్న తల్లి నాలుగు రాత్రులుగా నిద్ర లేకుండా, 'ఈ బిడ్డ నా బిడ్డ కాదు, మార్చేశారు' అంటుంటే అది బాలింత గాలి కాదు, ఆ రోజే తీసుకెళ్ళాలి. తల్లినీ బిడ్డనీ ఒంటరిగా వదలకూడదు. చెవిలో ఎవరో మాట్లాడుతున్నారన్నా, పక్కింటివాళ్ళు అన్నంలో విషం కలుపుతున్నారన్నా, పదిరోజులుగా నిద్ర లేకపోయినా అలుపు లేకుండా వున్నదంతా ఖర్చుపెట్టేస్తున్నా అంతే. చచ్చిపోవాలని వుందని ఎవరైనా నోటితో అంటే, 'బెదిరింపులే' అనుకోకండి. ఆ మాట అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమోనని భయపడకండి కూడా. నెమ్మదిగా పక్కన కూర్చుని అడగండి, ఆ రోజే డాక్టరుకి చూపించండి.

తాగుడు సంగతి మరీ ముఖ్యం. ఏళ్ళ తరబడి రోజూ తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే రెండో రోజుకో మూడో రోజుకో చేతులు వణకడం, లేనివి కనిపించడం, ఫిట్సు రావడం వుంటుంది. ప్రాణం మీదికీ రావచ్చు. అయ్యప్ప మాల వేసుకుని మానేస్తానంటే భార్య సంతోషించి పూజ ఏర్పాట్లు చేసుకుంటుంది. మాల వేయించండి, కానీ ముందు వారం డాక్టర్ని కలిసి ఆ వణుకు రాకుండా మందు మొదలుపెట్టించండి. ఈ ఒక్క మాట నలుగురికి చెప్పినా నాకు చాలు.

ఇక ఆడపిల్ల తల్లులతో ఒక మాట. పెళ్ళి కుదిరిందని మందులు ఆపేయిస్తారు. లేదా పెట్టె అడుగున చీరల మడతల్లో మాత్రలు దాచి పంపుతారు. కొత్త ఇల్లు, కొత్త మనుషులు, నిద్ర తక్కువ, దొంగతనంగా వేసుకునే మాత్ర. మూడు నెలలు తిరక్కుండా జబ్బు తిరగబెడుతుంది, అప్పుడు 'మోసం చేశారు' అనే మాట కూడా పడాలి. పెళ్ళికి ముందే పిల్లనీ, చేసుకోబోయే అబ్బాయినీ కూర్చోబెట్టి సైకియాట్రిస్టు చేత చెప్పించిన తల్లులు నాకు తెలుసు. ఒకటి రెండు సంబంధాలు తప్పిపోయాయి. నిలిచిన సంబంధం నిలిచింది. డాక్టరు తనంతట తాను ఎవరికీ చెప్పడు, రోగి రహస్యం కాపాడాలని చట్టమే చెబుతోంది. చెప్పడమా మానడమా అన్నది పిల్లతో కలిసి నిర్ణయించుకోవలసింది. ఇంకొకటి, కడుపు రావాలనుకునే ముందే డాక్టరుకి చెప్పాలి. కొన్ని మందులు, ముఖ్యంగా వాల్‌ప్రోయేట్ అనేది, కడుపులో బిడ్డకి హాని చేస్తాయి. వాటిని ముందుగానే మార్చి వేరేవి ఇస్తారు. మనంతట మనం ఆపేస్తే తల్లికి ముప్పు.

డబ్బు దగ్గర ఆగిపోయేవారికి ఒక్కటే చెబుతాను. మెడికల్ కాలేజీలకి చెందిన ప్రభుత్వాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం వుంటుంది. మీకు ఇన్సూరెన్సు వుంటే, ఒంటి జబ్బుకి ఇచ్చినట్టే మనసు జబ్బుకీ ఇవ్వాలని 2017 చట్టంలో వుంది. ఇల్లు కదలలేని వారికి ఫోను వుంది. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం టెలీ మానస్ అని పెట్టింది. నంబరు 14416. ఖర్చు లేదు, పగలూ రాత్రీ పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు. మొదట ఎత్తేది శిక్షణ పొందిన కౌన్సెలరు. అవసరాన్నిబట్టి వారే సైకాలజిస్టుకో సైకియాట్రిస్టుకో అప్పగిస్తారు. ఏ తలుపు తట్టాలో బొత్తిగా తోచనప్పుడు ఇక్కడ మొదలుపెట్టండి.

మొదటిసారి వెళ్ళేటప్పుడు ఒక నోటుపుస్తకం పట్టుకెళ్ళండి. నిద్ర ఎన్నాళ్ళనించి లేదు, తిండి ఎంత తగ్గింది, మొదట తేడా కనిపించింది ఏ పండగకి, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా వుండేదా, ఇవి ముందురోజు రాత్రే రాసుకోండి, అక్కడికి వెళ్ళాక ఒక్కటీ గుర్తురాదు. ఇప్పటిదాకా వేసుకున్న మాత్రల ఖాళీ రేకులు పారేయకుండా ఒక కవరులో వేసుకెళ్ళండి. బీపీవీ షుగరువీ ఆయుర్వేదం పొడుములూ కూడా. రోగిని కాసేపు డాక్టరు దగ్గర ఒంటరిగా వదిలి మీరు బయట బెంచీ మీద కూర్చోండి. మీ ముందు చెప్పలేనిది ఒకటి వుంటుంది.